బస్తర్ ఇళ్లలో తేలికపాటి కలప కప్పులు – శబ్ద నిరోధం

తేలికపాటి కలప కప్పు అంటే దూలాలు, వాసాలు, పట్టీల చట్రం మీద గడ్డి, పెంకు, రేకు వంటి పలుచని కప్పుపొర వేసిన ఇంటి కప్పు. ఇటువంటి కప్పు సులభంగా కట్టుకోవచ్చు, సులభంగా బాగుచేసుకోవచ్చు. బరువు తక్కువ కావడం వల్ల వాన చప్పుడు, దారిన పోయే లారీల మోత, పక్కింటి మాటలు లోపలికి రాకుండా ఆపే శక్తి దీనికి తక్కువ. ఆ శక్తిని పెంచే ఏర్పాట్లన్నిటినీ కలిపి శబ్ద నిరోధం అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో గ్రామీణ గృహాలు తరతరాలుగా కలప చట్రం మీదే నిలిచాయి. గడ్డి నుంచి పెంకుకు, పెంకు నుంచి రేకుకు కప్పు మారిన కొద్దీ ఇంట్లోని నిశ్శబ్దం కూడా మారుతూ వచ్చింది. అక్కడి పాత మట్టి ఇంట్లో ఉన్న రెండు పొరల కప్పు నేటి ధ్వనిశాస్త్రం సిఫారసు చేసే నిర్మాణానికి చాలా దగ్గరగా ఉంటుంది. రేకుల ఇంటికి ఇవాళ కావలసిన మందు అక్కడే దొరుకుతుంది.

ప్రాంతం, వాతావరణం

ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్న బస్తర్ ఇప్పుడు బస్తర్, కొండగావ్, కాంకేర్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే ఏడు జిల్లాల డివిజన్. ఇంద్రావతి ఒడ్డున ఉన్న జగదల్‌పూర్ దీని కేంద్రం. కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇక్కడ రాజ్యం స్థాపించాడని సంప్రదాయం చెబుతుంది. దక్షిణాన భోపాలపట్నం, కోంటా ప్రాంతాల్లో తెలుగు నేటికీ వ్యవహార భాష. మురియా, మరియా, హల్బా, భత్రా, ధుర్వా, దోర్లా ప్రజలు ఇక్కడి ప్రధాన సమూహాలు.

ఉత్తర, మధ్య భాగాల అడవుల్లో సాల వృక్షం (గుగ్గిలం చెట్టు), దక్షిణాన టేకు ఎక్కువ. సాల ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం కూడా. దాని కలప గట్టిది, బరువైనది. ఎండినాక ఘనపు మీటరుకు 850 కిలోల వరకు తూగుతుంది. దూలాలకు, నిట్రాళ్లకు అందుకే దానికి పెద్దపీట. వాసాలకు, పట్టీలకు వెదురు వాడతారు.

ఏటా కురిసే సుమారు 1,400–1,500 మి.మీ. వానలో అధిక భాగం జూన్–సెప్టెంబరు మధ్య నాలుగు నెలల్లోనే పడుతుంది. వేసవి చివర ఉరుములతో, అప్పుడప్పుడు వడగళ్లతో గాలివానలు వస్తాయి. కాబట్టి బస్తర్‌లో కప్పు ఎదుర్కోవలసిన శబ్దాల్లో మొదటిది వానదే. జాతీయ రహదారుల వెంట ఉన్న ఊళ్లలో లారీల మోత, కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం పక్కన రాత్రీ పగలూ నడిచే ఇనుప ఖనిజపు గూడ్సు బండ్ల మోత దానికి తోడవుతాయి.

కప్పుల రకాలు

గడ్డి కప్పు: అబూజ్‌మాడ్ కొండల్లో పోడు కోసం ఊళ్లే తావు మార్చుకునే కాలంలో వెదురు, గడ్డితో తేలికగా లేచే ఇళ్లు సహజంగా ఏర్పడ్డాయి. బస్తర్‌లో పాలనాధికారిగా పనిచేసిన డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938లో ప్రచురించిన మరియా గోండుల గ్రంథంలోను, వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన మురియాల ఘోటుల్ (యువతీయువకుల సామూహిక గృహం) గ్రంథంలోను ఈ ప్రజల నివాసాల వివరాలు ఉన్నాయి. మందంగా నేసిన గడ్డి మీద పడిన చినుకు చప్పుడు చేయకుండా ఇంకినట్టు జారిపోతుంది. వాన మోత విషయంలో దీన్ని మించిన కప్పు లేదు. గాలిలో వచ్చే శబ్దాన్ని ఆపే శక్తి మాత్రం దీనికి మధ్యస్థమే. నిప్పు భయం, కొన్నేళ్లకోసారి మళ్లీ నేయవలసి రావడం దీని లోపాలు.

నాటు పెంకు: కుమ్మరి సారె మీద గొట్టంలా లేపి, నిలువునా చీల్చి, కాల్చిన పెంకు. ఒక వరుస వెల్లకిలా, దాని మీద మరో వరుస బోర్లా పేరుస్తారు. 2011 జనగణన నాటికి ఛత్తీస్‌గఢ్ ఇళ్లలో చేతిపెంకు కప్పులదే అగ్రస్థానం. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ 1865లో మంగళూరులో మొదలుపెట్టిన కర్మాగారంతో వాడుకలోకి వచ్చిన బంగళా పెంకు పట్టణ ఇళ్లలో, పాత ప్రభుత్వ భవనాల్లో కనిపిస్తుంది. పెంకుకు బరువుంది, కాబట్టి అది రేకులా మోగదు. అయితే పెంకుకూ పెంకుకూ మధ్య వందలాది సందులు ఉంటాయి. శబ్దం ఆ దారిన వచ్చేస్తుంది.

రేకు: జింకు పూత ఉక్కు రేకు, రంగు రేకు, సిమెంటు రేకు ఈ కోవలోవి. కోతులు పెంకులు పగలగొట్టడం, ఏటా వానలకు ముందు పెంకులు తిరగేసే పనికి మనుషులు దొరకకపోవడం, కుమ్మరి పని తగ్గిపోవడం వల్ల ఊళ్లు రేకు వైపు మళ్లాయి. అర మిల్లీమీటరు ఉక్కు రేకు చదరపు మీటరుకు సుమారు 4 కిలోలే తూగుతుంది. బంగళా పెంకు కప్పు అదే విస్తీర్ణానికి 40 కిలోలు దాటుతుంది.

శబ్దం కప్పు దాటే తీరు

కప్పు గుండా శబ్దం మూడు దారుల్లో ఇంట్లోకి వస్తుంది.

మొదటిది గాలిదారి. బయటి శబ్దతరంగం కప్పుపొరను వణికిస్తుంది, ఆ వణుకు లోపలి గాలిని కదిలిస్తుంది. పొర ఎంత బరువుంటే అంత తక్కువగా వణుకుతుంది. దీన్ని ద్రవ్యరాశి నియమం అంటారు. చదరపు మీటరు బరువు రెట్టింపయితే నిరోధం సుమారు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. 500 హెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర, సందులు లేవనుకుని ఈ నియమంతో లెక్కిస్తే, ఉక్కు రేకు 19 డెసిబెల్‌లు, 25 మి.మీ. సాల చెక్క 33 డెసిబెల్‌లు, ఆ చెక్క మీద 5 సెం.మీ. మట్టి పరిస్తే 47 డెసిబెల్‌లు ఆపుతాయి. పౌనఃపున్యం తగ్గినకొద్దీ నిరోధం కూడా తగ్గుతుంది. గూడ్సు బండి మోత, డోళ్ల దరువు మిగతా శబ్దాల కంటే మొండిగా లోపలికి రావడానికి కారణం ఇదే.

రెండోది సందుల దారి. కప్పు విస్తీర్ణంలో 1 శాతం తెరిచి ఉంటే, మిగతా 99 శాతం ఎంత బరువైనదైనా మొత్తం నిరోధం 20 డెసిబెల్‌లకు మించదు. 5 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవున్న ఇంటి గోడల చుట్టుకొలత 26 మీటర్లు. గోడ తలకూ చూరుకూ మధ్య ఒకటిన్నర సెంటీమీటరు సందు చుట్టూరా ఉంటే అది 0.39 చదరపు మీటర్లు, అంటే 40 చదరపు మీటర్ల కప్పులో దాదాపు 1 శాతం. బస్తర్ ఇళ్లలో ఈ సందు సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

మూడోది తాకిడి. చినుకు నేరుగా పొరను కొట్టి శబ్దం పుట్టిస్తుంది. 2 మి.మీ. చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో, 5 మి.మీ. చినుకు సుమారు 9 మీటర్ల వేగంతో నేలకు దిగుతాయి. బరువు, వేగం రెండూ కలిసి పెద్ద చినుకు దెబ్బలోని శక్తిని చిన్నదానికి 30 రెట్లు చేస్తాయి. గంటకు 40 మి.మీ. చొప్పున కురిసే వానలో చినుకులన్నీ 5 మి.మీ.వే అనుకుంటే, 40 చదరపు మీటర్ల కప్పును సెకనుకు దాదాపు 6,800 చినుకులు తాకుతాయి. బిగించిన పలుచని రేకు డోలు చర్మంలా వాటన్నిటికీ మోగుతుంది. జోరువానలో రేకుల ఇంట్లో ఎదురుగా కూర్చున్న మనిషి మాట వినపడకపోవడం అందరికీ అనుభవమే.

అటక: పాత ఇంటి రెండో పొర

బస్తర్ మైదాన గ్రామాల్లో, ఛత్తీస్‌గఢ్ మైదానాల్లో కాస్త స్థితిమంతులైన రైతుల మట్టి ఇళ్లలో పెంకు కప్పు కింద మరో పొర ఉండేది. గోడ నుంచి గోడకు సాల దూలాలు వేసి, వాటి మీద చెక్కలు గాని, వెదురు గాని, కొమ్మలు గాని దగ్గర దగ్గరగా పేర్చి, పైన మట్టి పరిచి పేడతో అలికేవారు. ఛత్తీస్‌గఢీలో దీన్ని పటావ్ అంటారు. తెలుగులో మట్టి అటక అనవచ్చు. దాని మీద ధాన్యం, ఇప్పపువ్వు, చింతపండు, విత్తనాలు దాచేవారు. రాయలసీమ, తెలంగాణ మట్టి మిద్దెల్లో దూలాలు, దంతెల మీద మట్టి పరిచే పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. మిద్దెలో ఆ మట్టే వానకు ఎదురు నిలుస్తుంది. ఇక్కడ పైన పెంకు ఉన్నందున మట్టి ఎప్పుడూ పొడిగా ఉంటుంది.

ధాన్యం కోసం, చల్లదనం కోసం కట్టిన ఈ అటక శబ్దాన్ని మూడు విధాలా ఆపుతుంది. మట్టి బరువు గాలిదారిని మూస్తుంది. తడి మట్టి చెక్కల మధ్య సందుల్లోకి దిగి గట్టిపడి సందుల దారిని మూస్తుంది. వట్టి చెక్కలు మాత్రమే పరిస్తే వాటి సందులే నిరోధాన్ని సగానికి పైగా తినేస్తాయి. ఇక చినుకు కొట్టేది పైపొరను. ఆ పొరకూ అటకకూ నేరు సంబంధం లేకపోవడం వల్ల తాకిడి చప్పుడు కూడా అటక దగ్గరే చాలావరకు ఆగిపోతుంది.

రెండు పొరల మధ్య గాలి ఉన్నప్పుడు ఆ గాలి స్ప్రింగులా పనిచేసి ఒక పౌనఃపున్యం దగ్గర రెండు పొరలూ బలంగా ఊగుతాయి. దీన్ని అనునాదం అంటారు. ఆ పౌనఃపున్యానికి దిగువన పొరలను ఎడంగా ఉంచినందువల్ల అదనపు లాభం లేదు, ఎగువన లాభం వేగంగా పెరుగుతుంది. ఉక్కు రేకు కింద 10 సెం.మీ. ఎడంతో చదరపు మీటరుకు 20 కిలోల చెక్క పొర వేస్తే ఈ అనునాదం సుమారు 104 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఎడం 30 సెం.మీ. చేస్తే 60 హెర్ట్జ్‌కు దిగుతుంది. చెక్కా మట్టీ కలిసిన అటక ఒక మీటరు కింద ఉంటే 30 హెర్ట్జ్ దగ్గరికి పోతుంది. మనిషి మాట, వాన మోత, లారీ హారను అన్నీ అంతకు చాలా పైన ఉంటాయి. అంటే వాలుకప్పు కింద సహజంగా ఏర్పడే ఆ ఖాళీ జాగాయే పెద్ద ఆస్తి.

రేకు వచ్చినప్పుడు చాలా ఇళ్లలో అటక పోయింది. గోడ ఎత్తు తగ్గించి రేకును నేరుగా వాసాలకు బిగించారు. పైపొర బరువు పదో వంతుకు పడిపోయింది, కింది పొర లేకుండా పోయింది. నేటి శబ్ద సమస్యకు మూలం ఈ రెండో నష్టంలోనే ఎక్కువగా ఉంది.

నిరోధక పద్ధతులు

సందులు మూయడం: ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చే మొదటి పని. గోడ తలను చూరు దాకా లేపి, మిగిలిన సందులో గడ్డి కలిపిన మట్టిని కూరాలి. రేకు ముడతల కింద మిగిలే ఖాళీలను కొబ్బరి పీచుతో గాని, నురగ పట్టీలతో గాని నింపి పైన మెత్తాలి. ఈ పని చేయకుండా ఖరీదైన సీలింగు వేయించడం డబ్బు దండగ.

రేకు మోత తగ్గించడం: రేకు వణుకును అణిచే పని ఇది. రేకుకూ వాసానికీ మధ్య రబ్బరు పట్టీ పెట్టడం, రేకు అడుగున తారు కలిసిన మెత్తని షీటు అతికించడం, లేదా ముందు చెక్క పలకలు పరిచి వాటికి ఆనించి రేకు వేయడం వాడుకలో ఉన్న దారులు. పల్లెల్లో రేకుల మీద గడ్డి పరచడం కూడా చూస్తాం. ఎండకూ వాన మోతకూ అది పనిచేస్తుంది. బెంగళూరులోని భారత ప్లైవుడ్ పరిశ్రమల పరిశోధన సంస్థ వెదురు చాపలతో ముడతల కప్పు రేకును రూపొందించింది. వెదురు విరివిగా దొరికే బస్తర్‌కు అది తగిన పదార్థం. ఉక్కులా అది మోగదు.

రెండో పొర వేయడం: అసలు మార్పు తెచ్చేది ఇదే. పాత పద్ధతిలో చెక్కా మట్టీ వేయవచ్చు. అది కుదరని చోట 8 మి.మీ. సిమెంట్ ఫైబర్ బోర్డు వాడవచ్చు. అది చదరపు మీటరుకు సుమారు 11 కిలోలు తూగుతుంది. ఒక బోర్డుకు బదులు రెండు వేసి, మొదటిదాని అతుకుల మీద రెండోదాని నడుమ వచ్చేటట్టు బిగిస్తే సందులూ పోతాయి. జిప్సం బోర్డు కారే కప్పు కింద ఉబ్బి ఊడిపోతుంది కాబట్టి వానలు ఎక్కువైన చోట ముందు కప్పు కారకుండా చూసుకోవాలి.

పొరలను విడదీయడం: సీలింగు బోర్డును వాసాలకే మేకులతో కొడితే రేకు వణుకు ఆ మేకుల గుండా నేరుగా బోర్డుకు దిగుతుంది. సీలింగుకు గోడ నుంచి గోడకు వేరే దూలాలు వేయాలి, లేదా రబ్బరు గుండీలున్న కడ్డీలతో వేలాడదీయాలి. పటావ్ దూలాలు వాసాలతో సంబంధం లేకుండా గోడల మీద కూర్చోవడంలోని మేలు ఇదే.

మధ్యలో పీచు నింపడం: రాతి ఉన్ని, గాజు ఉన్ని, కొబ్బరి పీచు చాపలు రెండు పొరల నడుమ గాలిలో తిరిగే శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఖాళీని పూర్తిగా కుక్కనవసరం లేదు, 5 నుంచి 10 సెం.మీ. మందం చాలు. యూరప్‌లో పెంకు, మందమైన ఖనిజ ఉన్ని, జిప్సం బోర్డు కలిసిన కలప కప్పులు 45 డెసిబెల్‌లు, ఆపైన నిరోధం ఇస్తున్నాయి. ఉన్నికి ఒంటరిగా శబ్దాన్ని ఆపే బరువు లేదు. రెండు బరువైన పొరల నడుమ ఉన్నప్పుడే అది ఫలిస్తుంది.

పనికిరాని, ప్రమాదకరమైన పదార్థాలు

థర్మోకోల్ వేడిని ఆపుతుంది గాని శబ్దాన్ని ఆపదు. దాని గాలిగదులు మూసి ఉంటాయి కాబట్టి శబ్దం అందులోకి ఇంకదు; అంటుకుంటే విషపు నల్లపొగ వస్తుంది. గుడ్ల అట్టలు గోడకు అతికిస్తే గదిలో గలగల కొంత తగ్గినట్టు అనిపించవచ్చు, బయటి శబ్దం మాత్రం అంతే వస్తుంది. వడ్ల ఊక, పాత గోనెలు పీచు పని చేయగలవు. ఎలుకలకు, చెదలకు, నిప్పుకు అవి మేత అవుతాయన్నది మరవకూడదు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. క్యాన్సర్ కారకంగా నిర్ధారణ అయిన పదార్థం అది. సీలింగు బిగించడానికి అటువంటి రేకులను కోయడం, బెజ్జాలు వేయడం, రుద్దడం చేయరాదు.

బరువు, గాలి, పొగ, నిప్పు

5 సెం.మీ. మట్టి చదరపు మీటరుకు సుమారు 85 కిలోలు. 3 మీటర్లు, 4 మీటర్ల గదికి మట్టే ఒక టన్ను, చెక్క మరో పావు టన్ను. పాత దూలాలు పుచ్చాయో లేదో, గోడ మోయగలదో లేదో మేస్త్రీ చేత చూపించుకోకుండా ఇంత బరువు ఎక్కించకూడదు. మట్టి మందం సగానికి, అంటే రెండున్నర సెంటీమీటర్లకు తగ్గిస్తే లెక్క ప్రకారం నిరోధం 47 నుంచి 43 డెసిబెల్‌లకే తగ్గుతుంది. బరువులో అర టన్ను కలిసివస్తుంది కాబట్టి పాత ఇళ్లకు ఇదే మంచి బేరం.

పెంకు సందులు మూస్తే కట్టెల పొయ్యి పొగ పోయే దారీ మూసుకుపోతుంది. అందువల్ల సీలింగు పడక గదికే పరిమితం చేసి, వంటిల్లు వేరుగా ఉంచాలి, లేదా పొగగొట్టం పెట్టాలి. పడక గదికి గాలి కావాలంటే నేరు కిటికీకి బదులు రెండు మలుపులు తిరిగిన, లోపల పీచు అతికించిన గాలిగొట్టం పెట్టవచ్చు. గాలి తిరుగుతుంది, శబ్దం మలుపుల్లో తగ్గుతుంది. కప్పుకూ సీలింగుకూ మధ్య ఖాళీకి కూడా కాస్త గాలి ఆడాలి. లేకపోతే చలిరాత్రుల్లో రేకు అడుగున నీరుపట్టి పీచు తడిసిపోతుంది.

బడులు, ఆశ్రమ (వసతి) పాఠశాలలు

నక్సలైట్ల హింసలో బడి భవనాలు కూలిపోయిన దక్షిణ బస్తర్‌లో 2011 నుంచి వెదురు, ప్లైవుడ్‌తో కట్టిన వసతి పాఠశాలలు వెలిశాయి. వాటిని పోటా క్యాబిన్లు అంటారు. ఊళ్లలో బడి లేని పిల్లలు వేల సంఖ్యలో అక్కడ ఉండి చదువుకున్నారు. ఇటువంటి తేలిక కట్టడంలో శబ్దం పాఠాన్నే దెబ్బతీస్తుంది. ఇంట్లో గోండీ, హల్బీ, దోర్లీ మాట్లాడి, తరగతిలో హిందీ వినే పిల్లవాడికి ప్రతి అక్షరం స్పష్టంగా వినపడడం మరీ అవసరం. జోరువానలో టీచరు గొంతు వినపడకపోతే ఆ గంట పాఠం పోయినట్టే.

తరగతి గదికి నిరోధంతో పాటు ప్రతినాదం తగ్గించడమూ ముఖ్యం. గట్టి నేల, గట్టి గోడలున్న గదిలో శబ్దం చాలాసేపు తిరుగుతూ మాటల మీద మాటలు పడేటట్టు చేస్తుంది. వెదురు తడిక వెనుక పీచు పరిచి సీలింగుగాను, గది వెనుక గోడకూ వేస్తే ఈ ప్రతినాదం తగ్గుతుంది. తడిక ఇక్కడి చేతిపనే. అయితే అది పీల్చుకునే పొర మాత్రమే. వానను ఆపే బరువైన పొర దానిపైన వేరుగా ఉండాలి.

నిప్పు విషయంలో రాజీ పడరాదు. 2024 మార్చిలో బీజాపూర్ జిల్లాలోని ఒక పోటా క్యాబిన్ వసతి పాఠశాలలో మంటలు లేచి ఒక చిన్నారి ప్రాణం పోయింది. పిల్లలు నిద్రించే చోట మండే నురగలు, విడి గడ్డి, ఊక వాడకూడదు. మట్టి, సిమెంట్ బోర్డు, రాతి ఉన్ని మండనివి. విద్యుత్ తీగలు సీలింగు ఖాళీలో గొట్టాల్లోనే పోవాలి.

కొలతలు, నిబంధనలు

2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో బయటి శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాలు పడక గది లోపల 30, తరగతి గది లోపల 35 డెసిబెల్‌లు సూచించాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1950 (1962), 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతిలోని ధ్వని అధ్యాయం కట్టడాల్లో శబ్ద నిరోధానికి ఆధారాలు. కప్పు మీద వాన మోతను ప్రయోగశాలలో కొలవడానికి అంతర్జాతీయ ప్రమాణం 2006లో వచ్చింది. గంటకు 40 మి.మీ. చొప్పున 5 మి.మీ. చినుకుల కృత్రిమ వానను అందులో భారీ వానగా లెక్కిస్తారు. బ్రిటన్‌లో బడుల ధ్వని నిబంధనలు తేలిక కప్పుల మీద వాన చప్పుడును రూపకల్పన దశలోనే లెక్కలోకి తీసుకోమంటాయి. బస్తర్‌లో కట్టే ప్రతి రేకుల బడికీ ఇటువంటి నిబంధన వర్తించాలి. అక్కడ కురిసే వాన బ్రిటన్ వాన కంటే ఎన్నో రెట్లు ఉధృతం.

పనుల వరుస

ఉన్న ఇంటిని బాగుచేసుకునేవారికి వరుస ఇది: ముందు కారడం ఆపడం, తరువాత చూరు సందులు మూయడం, ఆపైన పడక గది ఒక్కదానికి విడిగా నిలిచే బరువైన రెండో పొర వేయడం, చివర వీలుంటే పీచు నింపడం. కొత్తగా కట్టేవారు గోడ ఎత్తును రెండు మూడు అడుగులు పెంచి అటకకు జాగా ఉంచుకుంటే మిగతా పనులు ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఇందులో ఊరి వడ్రంగి, మేదరి, మట్టిపని తెలిసిన మనుషులు చేయలేనిది ఏదీ లేదు. సర్కారు గృహపథకాల నమూనాల్లో, ఆశ్రమ పాఠశాలల నమూనాల్లో రేకు కింద మట్టి అటకను ఒక ప్రామాణిక భాగంగా చేర్చడం బస్తర్ పిల్లల నిద్రకూ చదువుకూ చేయగల చవకైన మేలు.